పగటి అద్దె, రాత్రి అద్దె

తలుపు గడియ లోపలి నుంచే వేసి ఉంది. సి.ఐ. వరహాలరావుకి ఆ ఒక్క సంగతి చాలు.

"కుంపటి పెట్టుకుంది, కిటికీ మూసుకుంది, పడుకుంది, పోయింది. అరకులో చలికాలం వస్తే ఇలాంటిది ఒకటి జరుగుతూనే ఉంటుంది. దీనికి వైజాగ్ నుంచి డిటెక్టివ్ దిగిరావాలా?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

నతానియేల్ విరిగిన గడియని వేలితో తడిమి చూశాడు. మాట్లాడితే ఇద్దరి మధ్య ఉన్న పాత లెక్కలన్నీ బయటికొస్తాయని తెలుసు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్.ఐ.లుగా చేరినవాళ్లు. ఒకడు ఉద్యోగంలో పైకెదిగాడు. ఇంకొకడు ఉద్యోగం వదిలేసి, వైజాగ్ ద్వారకానగర్‌లో మెట్ల కింద ఒక ఆఫీసు తెరుచుకున్నాడు. నిన్న రాత్రి సుజానా తండ్రి ఆ ఆఫీసుకి ఫోన్ చేసి, నా కూతురు కుంపటికి భయపడే మనిషి, అది కుంపటి దగ్గర పోయిందంటే నేను నమ్మను అన్నాడు. అందుకే ఈ పొద్దున నతానియేల్ మొదటి బస్సు ఎక్కాడు.

గది చిన్నది. బస్టాండు ఎదురుగా, లూర్దమ్మ టిఫిన్ హోటల్ మీద కట్టిన గది. ఒక మూల ప్లాస్టిక్ పరదా వెనక స్నానాల చోటు, ఇంకో మూల పొయ్యి గట్టు, గోడ నిండా అరలు. మంచం అంటే గోడకి బందులతో బిగించిన చెక్క. పడుకునేటప్పుడు దించుకుని, లేచాక పైకెత్తి కొక్కేనికి తగిలిస్తే నడవడానికి చోటు మిగులుతుంది. ఒంటరి మనిషికి దేనికీ లోటు లేకుండా ఎవరో బుర్ర పెట్టి చేయించిన గది.

సుజానా బస్టాండులో ఎస్.టి.డి. బూత్ నడిపేది. నిన్న శుక్రవారం సంత రోజు. ఊరంతా బూత్ ముందు వరస కట్టే రోజున ఆమె షట్టర్ తియ్యలేదు. సాయంత్రం తలుపు బద్దలు కొడితే మంచం మీద ఉంది. పొద్దున ఆస్పత్రిలో నతానియేల్ చూసేసరికి కూడా ఆమె మొహం ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉంది. బొగ్గు గాలికి పోయినవాళ్లు అలాగే ఉంటారు. అక్కడి వరకూ వరహాలరావు చెప్పింది నిజమే.

నతానియేల్ మంచం చెక్కని పైకెత్తబోయాడు. కదల్లేదు. బందులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. గోడ మీది కొక్కేనికి సాలెగూడు.

"ఈ మంచం ఎత్తి ఎన్నాళ్లయిందో. ఇంత ఇరుకు గదిలో పగలు కూడా మంచం దించే ఉంచుతారా ఎవరైనా?"

"బద్ధకం," అన్నాడు వరహాలరావు.

అరల్లో పై రెండిటి మీద బైబిలు, ఫోన్ కార్డులు, రంగు రిబ్బన్లు ఉన్నాయి. కింది రెండిటి మీద తెల్ల చీరలు, తెల్ల బూట్లు, దూది పొట్లం. రెండు పళ్లపొడి డబ్బాలు, రెండు దువ్వెనలు. మంచం మాత్రం ఒక్కటే, అదీ ఒక మనిషికే సరిపోతుంది.

అతను కిందికి దిగి లూర్దమ్మని అడిగాడు.

లూర్దమ్మకి అరవై దాటాయి. మొగుడు పోయాక హోటల్ మీదా, ఆ గది మీదా బతుకుతోంది. నతానియేల్ అడగడం మొదలుపెట్టగానే జపమాల చేతిలోకి తీసుకుంది. గది సుజానాకే ఇచ్చానంది. తెల్ల చీరలు ఎవరివని అడిగితే చుట్టాలమ్మాయివంది. ఆ అమ్మాయి ఎప్పుడు పడుకుంటుందని అడిగితే జపమాల పూసలు వేళ్ల కింద ఆగిపోయాయి.

"పగలు, బాబూ," అంది చివరికి.

ఆ తర్వాత అంతా చెప్పింది. కృపావతి ప్రైవేటు నర్సింగ్ హోంలో రాత్రి డ్యూటీ నర్సు. పొద్దున వచ్చి సాయంత్రం దాకా పడుకుంటుంది. సుజానా రాత్రి పడుకుని, పొద్దున బూత్‌కి పోతుంది. ఒకరు లేచిన పక్క మీద ఇంకొకరు. గది ఒక్కటే, అద్దెలు రెండు. తనకి అంకెలు రావని, ఫోన్ నంబరు తిప్పాలన్నా సుజానాయే తిప్పిపెట్టేదని కూడా అంది. సుజానా తండ్రికి మాత్రం మీ అమ్మాయి ఒక్కత్తే ఉంటుందని మాటిచ్చింది.

"పాపం సేసినాను," అని ఆవిడ ఆ ఒక్క మాట మూడు నాలుగు సార్లు అంది. ఆ మాట అద్దె గురించే అనుకున్నాడు నతానియేల్. ఆవిడ మాటిమాటికీ పొయ్యి వైపు తిరగడం చూశాడు. చూసి కూడా ఇంకో ప్రశ్న వెయ్యలేదు. తనకి కావలసింది దొరికిందన్న తొందరలో ఉన్నాడు.

కృపావతి హోటల్ వెనక బల్ల మీద కూర్చుని ఉంది. గూడెం కొత్తవీధి వైపు పిల్ల, మిషన్ హాస్టల్లో చదువుకుని నర్సు అయింది. నిద్ర లేని కళ్లు. అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెప్పింది. శుక్రవారం పొద్దున డ్యూటీ దిగి వచ్చేసరికి సుజానాకి జ్వరం ఉందట. బూత్‌కి పోవద్దని మాత్ర ఇచ్చిందట. చలికి వణుకుతోంటే తనే కుంపటి రాజేసి, తను ఎప్పుడూ చేసినట్టే కిటికీ మూసిందట. బస్టాండు గోలకి పగలు ఆ కిటికీ తెరిస్తే ఎవరికీ నిద్ర పట్టదు. గడియ వేసుకోమని సుజానాకి చెప్పి, తను నర్సింగ్ హోంకి తిరిగి వెళ్లి విశ్రాంతి గదిలో పడుకుంది. అక్కడ ఆమెని చూసినవాళ్లు ఉన్నారు.

"నేను పడుకోవలసిన చోటు సార్ అది," అంది. "నా బదులు అది పడుకుంది."

ఆ మాట విన్న క్షణంలో నతానియేల్‌కి కథంతా కళ్ల ముందు పేర్చినట్టయింది.

అతను హోటల్ వెనక మెట్లెక్కి, గది వెనక గోడ దగ్గరికి వెళ్లాడు. లోపల పైకప్పు కింద ఒక గాలి కన్నం ఉంది. కిటికీ, తలుపు మూస్తే ఆ గదికి ఊపిరి ఆ కన్నమే. బయటి నుంచి చూస్తే కన్నం తెరిచే ఉంది. అయితే చుట్టూ గోడ నిండా బూజు వేలాడుతోంది, కన్నం చుట్టూ మాత్రం లేదు. సిమెంటు గరుకు అంచులకి గోనె పీచులు పట్టుకున్నాయి. అతను రెండు పీచులు లాగి, జేబురుమాలులో చుట్టుకున్నాడు.

కిందికొచ్చేసరికి హోటల్ నిండా జనం. వరహాలరావు టీ తాగుతూ, కేసు మూసేస్తున్నానని ఎవరితోనో చెబుతున్నాడు. నతానియేల్ ఆగి ఉండాల్సింది. అతన్ని పక్కకి పిలిచి చెప్పి ఉండాల్సింది. తర్వాత ఆ సంగతి చాలాసార్లు అనుకున్నాడు. అప్పుడు మాత్రం అందరి ముందూ రుమాలు బల్ల మీద విప్పాడు.

"ఇది ప్రమాదం కాదు. ఎవరో గోనెతో గాలి కన్నం మూశారు. ఆ పిల్ల పోయాక గోనె తీసేశారు. నువ్వు మేడ వెనక్కి ఒక్కసారి కూడా పోలేదు కాబట్టి నీకు తెలీదు."

వరహాలరావు మొహం మాడింది. "సుజానాని చంపేటంత పగ ఎవరికుంది?"

"సుజానా మీద ఎవరికీ లేదు. పగలు ఆ గదిలో పడుకునేది కృపావతి. కిటికీ మూసుకునేది, కుంపటి పెట్టుకునేది కృపావతి. చంపాలనుకున్నది ఆమెని. మంచం మీద మనిషి మారిందని వాడికి తెలీదు."

హోటల్లో చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది. వరహాలరావు లేచి, నేరుగా కృపావతి దగ్గరికి వెళ్లాడు. నీ మీద పగ ఉన్నవాళ్లెవరని అడిగాడు. పోయిన నెల నర్సింగ్ హోంలో తను చూసుకుంటున్న ఒక చంటిపిల్ల జ్వరంతో పోయిందనీ, పిల్ల తండ్రి సోంబరు తనని పట్టుకుని, నీ చెయ్యి పడ్డాకే నా గుంట పోయిందని అరిచాడనీ చెప్పింది. పాపం దుఃఖంలో అన్నాడు, అతన్ని ఏమీ అనొద్దని కూడా చెప్పింది.

సోంబరు ఎవరో అక్కడందరికీ తెలుసు. ఆ హోటల్లోనే గిన్నెలు తోమే చిన్నమ్మి కొడుకు. తల్లి దగ్గరికి వస్తూ పోతూ మేడ వెనక మెట్లు ఎరిగినవాడు. జీపు అతని కోసం వెళ్లింది. కాఫీ తోటలో పళ్లు కోస్తున్న మనిషిని, నడుముకి కట్టుకున్న సంచీతో సహా పట్టుకొచ్చారు. జీపు హోటల్ ముందు నుంచి పోతుంటే వరహాలరావు తల బయటికి పెట్టి, "నీ కేసు నేనే తేల్చాను నతానియేలూ," అన్నాడు.

నతానియేల్‌కి అప్పటికి బాధ వెయ్యలేదు. పేరు ఎవరికి పోతే ఏం, తను చెప్పిందే నిజమైందనుకున్నాడు. సోంబరు మనుషులు ఇంకెవరైనా ఉంటారేమోనని కృపావతిని ఊళ్లో ఉంచడం మంచిది కాదనిపించింది. అనంతగిరి దారిలో, బొర్రా స్టేషన్ దగ్గర తనకి తెలిసిన పాస్టరమ్మ ఇల్లుంది. అక్కడికి పంపుతానన్నాడు. ఒక్కదాన్నే వెళ్లలేనంది కృపావతి. లూర్దమ్మ తోడొస్తే బాగుంటుందని తనే అడిగింది. లూర్దమ్మ వెళ్లనంది, తర్వాత కృపావతి మొహం చూసి బయల్దేరింది. ఇద్దర్నీ సర్వీసు జీపు ముందు సీట్లో నతానియేలే కూర్చోబెట్టాడు. డ్రైవరుకి జాగ్రత్తలు కూడా చెప్పాడు.

తిరిగి వచ్చేసరికి చిన్నమ్మి అతని కోసం నిలబడి ఉంది. చేతులకి బూడిద, మోచేతుల దాకా తడి. ఆవిడ ఏడవలేదు. కొడుకుని వదిలిపెట్టమని కూడా అడగలేదు. ఒక్క సంగతి తెలుసుకోవాలంది.

"ఆ గోనెపట్టా గురించే కదా బాబూ, నా కొడుకుని అట్టుకెల్నారు?"

అవునన్నాడు.

"అది నానే కోసి ఇచ్చినాను. లూర్దమ్మగారు అడిగితేను."

నతానియేల్ ఆవిడని బల్ల మీద కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు, గోడకి ఆనుకుని చెప్పింది. గురువారం సాయంత్రం నర్సమ్మ డ్యూటీకి పోతూ లూర్దమ్మ దగ్గర ఆగింది. ఆ కన్నంలోంచి చలిగాలి కొడుతోంది, తలనొప్పి వస్తోంది, ఏదైనా అడ్డం పెట్టించమని అడిగింది. లూర్దమ్మకి ఆ పిల్లంటే ముద్దు. గోనె పెట్టించాక నర్సమ్మ తన కళ్లతో చూసి మరీ వెళ్లింది. శుక్రవారం సాయంత్రం తలుపు పగలగొట్టాక, పొగ పోయే దారి లేక పిల్ల చచ్చిపోయిందని పోలీసులు అనడం లూర్దమ్మ విన్నది. వెనక మెట్లెక్కి గోనె పీకేసింది. పొయ్యిలో పెట్టేసింది. పొయ్యి ముందు కూలబడి ఏడుస్తుంటే నర్సమ్మే వచ్చి నోరు మూసింది.

"ఏమంది?" అని అడిగాడు నతానియేల్.

"నాను అడిగినట్టు ఎవరికీ సెప్పకు, సెప్తే నిన్నే జైల్లో ఎడతారు అన్నాది. నాను గిన్నెలకాడ ఉన్నానని సూడనేదు."

నతానియేల్‌కి రుమాలులోని పీచులు, అందరి ముందూ తను చెప్పిన ముక్కలు, హోటల్లో చెంచాలు ఆగిన ఆ క్షణం గుర్తొచ్చాయి. తను పీచులు బల్ల మీద పెట్టినప్పుడు కృపావతి అక్కడే ఉంది. కన్నం మూయించమన్నది నేనేనని ఒక్క మాట అంటే సోంబరు చేతులకి బేడీలు పడేవి కావు. ఆమె అనలేదు. గాలి లేని గదిలో కుంపటి పెడితే ఏమవుతుందో ఆ వీధిలో అందరికన్నా బాగా తెలిసింది నర్సుకే. కన్నం మూసింది గురువారం. సుజానాకి జ్వరం వచ్చింది శుక్రవారం పొద్దున అని చెప్పింది కూడా ఆమే. ఆ జ్వరాన్ని ఇంకెవరూ చూడలేదు. ఆ మాత్ర ఏమిటో కూడా ఎవరికీ తెలీదు.

కానీ ఎందుకు? పక్క పంచుకున్న పిల్లని ఎందుకు చంపాలి?

సుజానా నీతో ఏమైనా అందా అని అడిగాడు.

చిన్నమ్మి చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్లీ మళ్లీ తుడిచింది.

"బుధవారం నాడు కిందికొచ్చి నా పక్కన కూకుంది, బాబూ. ఆదివారం గుడి అయినాక నర్సమ్మా నానూ ఇద్దరం మీ ఇంటికొత్తాం, నీ మనవరాలి గురించి నర్సమ్మ నీకొక మాట సెప్పుకోవాల అన్నాది. ఏటి మాటమ్మా అంటే, అది నాను సెప్పకూడదు, ఆమె నోటితోనే సెప్పాల అన్నాది. ఆ గుంట కళ్లలో నీళ్లు తిరిగినాయి."

ఆదివారం అంటే రేపు.

ఇంక అడగవలసింది లేదు. నతానియేల్ సుజానా పనిచేసిన బూత్ యజమాని దగ్గరికి వెళ్లి ఒక్కటే వాకబు చేశాడు. కృపావతి అక్కకి ఫోన్ చేసి గంటసేపు ఏడ్చిన రోజు ఒకటుందని, బూత్ చెక్కలకి మధ్య సందులున్నాయని, లోపల మాటలు బయటికి వినిపిస్తాయని అతను చెప్పాడు. అది చంటిపిల్ల పోయిన మర్నాడు. పిల్లని చంపింది జ్వరం కాదు. తప్పు మందో, తప్పు మోతాదో, ఏదో ఒకటి నర్సు చేతి నుంచి వెళ్లింది. సుజానా విన్నది. విని ఊరుకోలేకపోయింది. పోలీసులకి చెప్పలేదు, నలుగురిలో పెట్టలేదు. ఒప్పుకో, నీ పక్కన నేను నిలబడతానని మాత్రమే అంది. ఆ దయే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

చేసింది ఎవరో తెలిసింది. చిన్నమ్మి కొడుకు కోసం చెబుతోందంటారు, దానికి సాక్ష్యం చెప్పగల మనిషి ఒక్క లూర్దమ్మ. ఆ మనిషిని తెచ్చి హంతకురాలి పక్కన కూర్చోబెట్టి, జాగ్రత్తగా తీసుకెళ్లమని డ్రైవరుకి చెప్పింది తనే.

అతను స్టేషన్‌కి పరిగెత్తాడు.

సోంబరు వరండాలో కింద కూర్చుని ఉన్నాడు. కాఫీ పళ్ల సంచీ ఇంకా నడుముకే ఉంది. నతానియేల్ అతని వంక చూడలేక, దాటుకుని లోపలికి వెళ్లాడు.

"నేను తప్పు చెప్పాను," అన్నాడు వరహాలరావుతో. "ఆ సోంబరుని వదిలెయ్. అతనికీ దీనికీ సంబంధం లేదు."

వరహాలరావు ఈ మాట కోసం ఎన్నాళ్ల నుంచో చూస్తున్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. కానీ ఎగతాళి చెయ్యలేదు. అతని మొహంలో కూడా ఏదో తేడాగా ఉంది.

"తెలుసు. బొర్రాలో బూత్ నుంచి ఇప్పుడే ఫోన్ వచ్చింది. లూర్దమ్మ ఒప్పుకుంది."

"ఏమని?"

"కన్నం నానే మూసినాను బాబూ, ఆ గుంట సావుకి నానే కారణం, సోంబరుని ఒగ్గేయండి అంది. ఇంక నన్ను ఎవరూ ఎతకొద్దు అని ఫోన్ పెట్టేసింది." వరహాలరావు రిసీవరు వైపు చెయ్యి చూపించాడు. "ముసలావిడ, భయపడి అలా అందనుకున్నాను. జీపు పంపిద్దామనుకుంటున్నాను."

నతానియేల్ బల్ల మీదికి వంగాడు. "లూర్దమ్మకి నంబరు తిప్పడం రాదు. అంకెలు చదవలేదు. ఫోన్ ఎవరు కలిపారు?"

వరహాలరావు గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్ని చూశాడు. కానిస్టేబుల్ చెప్పాడు. ముందు ఒక అమ్మాయి మాట్లాడిందట. నెమ్మదిగా, మర్యాదగా, సి.ఐ. గారే స్వయంగా వినాలని అడిగిందట. తర్వాత పక్కనున్నావిడతో, చెప్పండమ్మా, చెప్పేస్తే మనసు తేలికపడుతుంది అనడం వినిపించిందట.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత ఇద్దరికీ ఒకే ఆలోచన ఒకేసారి వచ్చింది. మాట అందరికీ వినిపించేలా ఒప్పుకున్న ముసలావిడ, ఆ పైన ప్రాణాలతో లేకపోతే ఇంక ఎవరూ ఏమీ అడగరు. పశ్చాత్తాపంతో పోయిందంటారు.

వరహాలరావు తనే ఫోన్ అందుకుని బొర్రా బూత్‌కి కలిపాడు. అవతల బూత్ మనిషి మాటలు గదిలో అందరికీ వినిపించేటంత గట్టిగా ఉన్నాయి.

"ఇప్పుడే ఎల్లారండీ. ఊళ్లోకి కాదండీ, రైలు కట్ట ఎక్కినారు. పెద్దావిడ సెప్పులు ఇక్కడే ఇడిసేసింది. పిలిస్తే ఇనిపించుకోనేదు. తోడొచ్చినమ్మాయి సెయ్యట్టుకుని నడిపిస్తన్నాది, సొరంగం ఏపుకి."

వరహాలరావు ఫోన్ పెట్టకుండానే జీపు తాళాల కోసం చెయ్యి చాపాడు. వరండాలో సోంబరు లేచి నిలబడ్డాడు.

అప్పుడే అరకు స్టేషన్ వైపు నుంచి కిరండూల్ పాసింజరు కూత పెట్టింది. ఆగి ఉన్న బండి కాదది. బొర్రా వైపు కదిలిన బండి.